అడవి పువ్వులను చూచుట



మాఘమాసము గడచి ఫాల్గుణము వచ్చుసరికి మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఆకు రాలి అడవి అంతయు బోసిపోవును. టేకు చెట్లు మోడులై నిలుచును. వాగులు సన్నగిల్లును. సరిగా ఆ దినములలోనే మోదుగు పూచును. ఆకు ఒక్కటియు లేని కొమ్మలకు నారింజ ఎరుపు పువ్వులు గుత్తులు గుత్తులుగా పట్టి, దూరమునుండి చూచువారికి చెట్టు మండుచున్నట్లు కనబడును. ధర్మపురి దగ్గర రాయపట్నము వంతెన మీదుగా గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారము, ఉట్నూరు వైపు పోవువారు ఈ చెట్లను ఎరుగుదురు. నిర్మల్ నుండి ఘాటు ఎక్కి ఆదిలాబాదు పోవువారును ఎరుగుదురు. మన సంఘములలో శ్రమకాల ధ్యానములు జరుగు దినములును, మోదుగు పూచు దినములును తరచు ఒక్కటే.

ఇప్పుడు పట్టణములనుండి వచ్చువారు దారి ప్రక్కన బండి ఆపి, ఈ చెట్టు ముందు నిలిచి ఫోటోలు తీసికొని పోవుచున్నారు. మనమైతే దినము దాని క్రిందనే నడచుచు తల ఎత్తము. మనకది వంటచెరకు, విస్తరాకు, గట్టుమీద అడ్డము. వారు ఒక్క నిమిషము చూచి పోవుదురు. మనము ఏండ్ల తరబడి చూడకయే యుందుము. ఇరువురిలో ఎవరు ఆ చెట్టును నిజముగా చూచిరి? ఈ నెల పాఠము ఈ ప్రశ్నను గూర్చినదే. కాలమునకు వచ్చి కాలమునకు పోవు పువ్వును చూచుటకు నేర్పు కావలెను. ఆ నేర్పు ఉన్నవాని చేతిలో కెమెరా మంచి పనిముట్టు. లేనివాని చేతిలో అది చూపునకు అడ్డు.

1. పూల కాలమును పండుగగా చూచువారు

పూలను చూచుటకే ప్రయాణము కట్టుకొని పోవు జనులు లోకములో ఉన్నారు. వారిలో జపానువారు ముఖ్యులు. వసంతమున సకురా అను చెట్లు పూచునప్పుడు కుటుంబములు, పాఠశాలలు, కార్యాలయములవారు తోటలకు పోయి చెట్ల క్రింద చాపలు పరచుకొని కూర్చుందురు. దీనికి హనామి అని పేరు. పూలను చూచుట అని దాని అర్థము. పూర్తిగా విచ్చిన సకురా ఇంచుమించు ఒక వారము నిలుచును. ఒక గాలివాన వచ్చెనా, అదియు లేదు. అందుచేత ఆ దేశపు వాతావరణ శాఖవారు ముఖ్య పట్టణములలో ఒక్కొక్క గుర్తు చెట్టును ఏర్పరచుకొని, దానిమీద ఐదారు పువ్వులు విచ్చగానే పూత ఆరంభమైనదని ప్రకటింతురు. మొగ్గలలో నూటికి ఎనుబది విచ్చినప్పుడు నిండు పూత అందురు.

క్యోటో నగరములో ఈ లెక్క మిక్కిలి పాతది. రాజాస్థాన చరిత్రలలోను, దినచర్య పుస్తకములలోను పూత వేడుకల తేదీలు వ్రాసియుండగా, పరిశోధకులు వాటినన్నిటిని కూర్చి క్రీ. శ. 812 మొదలుకొని నేటివరకు పట్టిక తయారుచేసిరి. మధ్య మధ్య కొన్ని ఏండ్లు లేకపోయినను పట్టిక పన్నెండు వందల ఏండ్ల పొడవున నిలిచియున్నది. 2021వ సంవత్సరమున క్యోటోలో నిండు పూత మార్చి 26వ తేదీన వచ్చినది. అప్పటివరకు ఆ పట్టిక అంతటిలో అంత ముందుగా వచ్చిన పూత వేరొకటి లేదు. 1409లో మార్చి 27న వచ్చినది దానికి ముందటి గుర్తు. భూమి వేడెక్కుచున్నదనుటకు శాస్త్రజ్ఞులు చూపు సాక్ష్యములలో ఇది యొకటి. గమనించుడి, ఆ దినచర్యలు వ్రాసినవారు శాస్త్రము కొరకు వ్రాయలేదు. పూలు పూచెను, చూచితిమి, ఫలాని దినము అని మాత్రము వ్రాసిరి. వెయ్యేండ్ల తరువాత అది లోకమునకంతటికి పనికివచ్చినది.

ఆ దేశమునందే తోచిగి రాష్ట్రములో అషికాగా అను ఊరిలో ఒక పూలతోట యున్నది. అక్కడ ఫుజి అను తీగజాతి చెట్టు ఒకటి నూట ఏబది ఏండ్లకు పైబడినది. ఏప్రిల్ మధ్య నుండి మే మధ్య వరకు దాని ఊదా పూల గుత్తులు పందిరి నిండ వ్రేలాడును. రాత్రివేళ దీపములు పెట్టి చూపింతురు. వేలకొలది జనులు వచ్చి క్రింద నిలిచి ఫోటోలు తీసికొందురు. ఈ చెట్టు మొదట అక్కడిది కాదు. తోటకు స్థలము మార్చవలసి వచ్చినప్పుడు, ఇంత పెద్ద ఫుజి చెట్టును కదల్చుట అసాధ్యమని పలువురు చెప్పిరి. జపాను దేశములో చెట్ల వైద్యురాలిగా పట్టా పొందిన మొదటి స్త్రీ కొనామి త్సుకామోతో అను ఆమె ఆ పని చేపట్టెను. విరిగిన ఎముకకు కట్టు కట్టినట్లు మ్రానుకు కట్టు కట్టించి, రెండేండ్లు సన్నాహము చేసి, 1996లో దానిని సుమారు 20 కిలోమీటర్ల దూరము తరలించెను. చెట్టు బ్రతికినది. నేడు దాని పందిరి వెయ్యి చదరపు మీటర్లు పరచుకొనియున్నది.

ఆ పందిరికి గుంజలున్నవి, కాపరులున్నారు, ప్రవేశ రుసుము ఉన్నది. మన మోదుగుకు ఇవేవియు లేవు. అయినను రెండును ఒక్క కుటుంబమునకు చెందినవే అని చెప్పిన మీరు ఆశ్చర్యపడుదురేమో. ఫుజియు, మోదుగును, మన కందియు, చిక్కుడును, శనగయు వృక్షశాస్త్రములో ఒకే కుటుంబము.

2. మోదుగును దగ్గరగా చూచిన

చెట్టు క్రింద రాలిన పువ్వును ఒకదానిని చేతిలోకి తీసికొనుడి. కొమ్మనుండి కోయనక్కరలేదు, నేల నిండ పడియుండును. మొదట తొడిమను చూడుడి. అది నలుపు కలిసిన ముదురు రంగులో ముఖమలువలె మెత్తగా ఉండును. మొగ్గలు చెట్టునిండ ఉన్నప్పుడు కొమ్మలు నల్లబడినట్లు కనబడుట దీనిచేతనే. తరువాత రేకులు లెక్కపెట్టుడి, ఐదు. వెడల్పైన రేకు ఒకటి వెనుకకు వంగి నిలుచును. రెండు ప్రక్కలకు రెక్కలవలె ఉండును. మిగిలిన రెండు కలిసి చిలుక ముక్కువలె వంగిన దోనెగా ఏర్పడును. సంస్కృతములో దీనికి కింశుకమని పేరు వచ్చుటకు కారణమిదే. ఇది చిలుకయా ఏమి అని అడుగుట ఆ పేరులోని భావము. ఇంటి పెరటిలోని చిక్కుడు పువ్వును దీని ప్రక్కన పెట్టి చూడుడి. పరిమాణము వేరు, రంగు వేరు. కట్టడి మాత్రము ఒక్కటే.

వాసన చూచిన వాసన లేదు. అయితే అది ఎవరిని పిలుచుచున్నది? పక్షులను. ఉదయము ఎండ ఎక్కకముందు చెట్టు దగ్గర నిలిచినయెడల గోరువంకలు, తేనెపిట్టలు, ఉడుతలు కొమ్మ కొమ్మకు తిరుగుచు పువ్వులో ముక్కు, మూతి పెట్టుచుండును. చిలుక ముక్కువంటి దోనెలో పుప్పొడి దాగియుండి తేనె కొరకు వంగిన పక్షి తలకు అంటుకొనును. దానిని ఆ పక్షి మరియొక పువ్వునకు మోసికొనిపోవును. నీళ్ళు అరుదైన ఆ కాలములో మోదుగు వాటికి గిన్నెడు తేనె పెట్టి పని చేయించుకొనుచున్నది. పువ్వులు వేలు; కాయలు కొద్ది. ఒక్కొక్క కాయ కొసన ఒకే విత్తనము. మిగిలిన భాగము పలుచని రెక్క. వేసవి గాలి దానిని ఎత్తుకొనిపోయి దూరమున వేయును.

పూత ముగిసిన తరువాతనే ఆకు వచ్చును, మూడు మూడుగా. ఆ ఆకు మన పెండ్లి భోజనములలో విస్తరి అయినది. మ్రానునుండి ఎర్రని బంక వచ్చును. వేరు నారతో త్రాళ్ళు పేనుదురు. లక్క పురుగును పెంచు చెట్లలో మోదుగు ముఖ్యమైనది. గోండు గూడెములలో హోళీ దినములకు ఈ పూలను నీటిలో ఉడికించి పసుపు నారింజ కలిసిన రంగు తీయుదురు. కొట్టివేసినను వేరునుండి తిరిగి చిగుర్చును. నల్లరేగడి బంజరులోను, నీరు నిలిచిన పల్లములోను బ్రతుకును. పశువులు దానిని అంతగా మేయవు. ఇన్ని గుణములుండుటచేతనే మనుష్యులు విడిచిపెట్టిన నేలలో అది నిలిచియున్నది. ఉత్తర హిందూస్థానములో దీనిని పలాశమందురు. ఝార్ఖండ్ రాష్ట్రమువారు దీనిని రాష్ట్ర పుష్పముగా చేసికొనిరి. మన తెలంగాణ 2014లో ఆ స్థానమును తంగేడుకు ఇచ్చినది. వంగదేశములోని పురూలియాకు వసంతమున ఈ పూలను చూచుటకే దూర ప్రాంతములవారు వచ్చుచున్నారు.

3. కెమెరా లేని కాలములో

ఫోటో అను మాట పుట్టకముందే మన తెలుగు నేలలో ఈ పువ్వును ఒకరు కాగితముమీదికి ఎక్కించిరి. స్కాట్లండు దేశస్థుడైన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు కుంపిణీ ఉద్యోగియై గోదావరి మండలమందలి సామర్లకోటలో ఉండెను. 1781 ప్రాంతమునుండి 1793లో కలకత్తా పోవువరకు అక్కడ తోట వేసి మన మొక్కలను పరిశీలించెను. మన దేశపు చిత్రకారులను కుదుర్చుకొని మొక్కల బొమ్మలు వ్రాయించెను. వాటిలో ఏరిన మూడు వందల బొమ్మలు కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథముగా మూడు సంపుటములలో లండనులో అచ్చుపడినవి. మొదటి సంపుటము 1795లో ఆరంభమైనది. మూడవది 1820 నాటికి ముగిసినది. మోదుగు బొమ్మ మొదటి సంపుటములోనే యున్నది. రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లను గూడ వ్రాసికొనెను.

ఆ చిత్రకారుని తలచుకొనుడి. పేరు మనకు తెలియదు. అతనికి గడియలో సగము చాలదు. కొమ్మను ఎదుట పెట్టుకొని మొగ్గ యొక్క నలుపును, రేకు యొక్క వంపును, ఆకు ఈనెను చూచుచు, వాడిపోకముందే వ్రాయవలెను. చూడక వ్రాయుట అతనికి సాధ్యము కాదు. నేడు మనము చూడకయే ఫోటో తీయగలము. కంటికి ముందు ఫోను వచ్చును. పువ్వు ఫోనులోనికి పోవును. మనము ముందుకు పోవుదుము. ఆ చిత్రకారుడు పని ముగించునప్పటికి కాగితముమీద ఒక బొమ్మ, మనస్సులో ఒక చెట్టు నిలిచియుండెను. మన ఫోను నిండ బొమ్మలున్నవి. మోదుగు పువ్వునకు రేకులెన్ని అని అడిగిన చెప్పగలమా?

4. అడవి పువ్వులు అను మాట

మత్తయి సువార్త ఆరవ అధ్యాయములో పువ్వులను గూర్చిన భాగము మనకందరికి తెలిసినదే. ఇంగ్లీషు బైబిలులో అక్కడ ఒక ప్రత్యేకమైన పువ్వు పేరు కనబడును. మన తెలుగు బైబిలులో ఉన్నది అడవి పువ్వులు అను మాట. అడవుల నడుమ బ్రదుకు మనకు ఈ మాట దగ్గరిది. తోటమాలి నీరు పోసిన పువ్వును గాక, ఎవరును నాటనిదానిని చూపి అక్కడ బోధ చేయబడినది.

ఇరువది యెనిమిదవ వచనములో, ఆ పువ్వుల విషయమై శ్రోతలను ఏమి చేయుమన్నారో తెలుపు గ్రీకు క్రియ యొకటి యున్నది. క్రొత్త నిబంధన అంతటిలో ఆ క్రియ ఆ ఒక్కచోటనే వచ్చినది. శ్రద్ధగా పరిశీలించి, దానినుండి నేర్చుకొనుట అని దాని భావము. పాఠశాలలో పిల్లవాడు పలకమీది అక్షరమును చూచినట్లు చూడవలెను. పొయ్యిపాలగు గడ్డిని గూర్చి గూడ ఆ భాగములోనే మాట యున్నది. కాబట్టి వంటచెరకగు మోదుగు చూడదగినది కాదనుటకు మనకు వీలు లేదు.

అక్కడ చెప్పిన పువ్వు ఏదో రూఢిగా చెప్పలేకపోయినను, శీతకాలపు వానల తరువాత గలిలయ కొండలమీద పూచు ఎర్రని ఆనెమొనే అయియుండవచ్చునని పలువురు పండితుల తలంపు. ఆ పువ్వు సంగతి మనకు మరియొక పాఠము. ఇశ్రాయేలు దేశములో ఒకప్పుడు జనులు సెలవు దినములలో పోయి బుట్టలకొలది అడవి పూలు కోసికొని వచ్చెడివారు. పువ్వులు తగ్గిపోయెను. 1960ల దశకములో చట్టము చేసి, పాఠశాలలలో పిల్లలకు బోధించి, కోయుట మాన్పించిరి. పిల్లలే తలిదండ్రుల చేతులు ఆపిరని చెప్పుదురు. కొండలు మరల ఎర్రబడినవి.

5. ఫోటో తీయవలెనన్న

ఇప్పుడు ఫోను లేని ఇల్లు అరుదు. మన యౌవనస్థులు ఫోటోలు తీయుదురు, తీయవలెను గూడ. అయితే ఈ కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొనవలెను.

మొదట పది నిమిషములు ఫోను సంచిలోనే యుండనిండు. చెట్టు చుట్టు తిరుగుడి. ఏ కొమ్మ ముందు పూచినది, ఏ పక్షి వచ్చినది, పువ్వులు ఎటు రాలుచున్నవి చూడుడి.

ఉదయము ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, లేదా సాయంకాలము తీయుడి. మధ్యాహ్నపు ఎండలో ఈ నారింజ ఎరుపు ఫోనులో రంగు ముద్దయై, రేకుల గీతలు కనబడవు. ఫోనులో వెలుతురును కొంచెము తగ్గించి తీసిన రంగు నిలుచును. వెనుక నీలాకాశము ఉండునట్లు క్రిందనుండి తీసిన పువ్వు స్పష్టముగా కనబడును.

నాలుగు బొమ్మలు చాలును: చెట్టు అంతయు ఒకటి, కొమ్మ ఒకటి, పువ్వు ఒకటి, రాలిన నేల ఒకటి. చెట్టు ప్రక్కన ఒక మనిషి నిలిచినయెడల ఎత్తు తెలియును.

బొమ్మకొరకు కొమ్మ విరువరాదు. విరిచిన కొమ్మ పువ్వులు తెల్లవారేసరికి వాడిపోవును. దానిమీది తేనె పక్షికి పోయినది, విత్తనము నేలకు పోయినది. ఇతరుల చేనిగట్టు మీదనున్న చెట్టు దగ్గరకు అడిగి పోవలెను. గోండు, కోలాము గూడెములలో మనుష్యులను అడుగక ఫోటో తీయరాదు. వారు మనకు దృశ్యములు కారు, పొరుగువారు.

కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. అక్కడ రహదారి దాటి లోనికి పోవుటకు అటవీ శాఖ అనుమతి కావలెను. రహదారి మీదనుండియే కావలసినన్ని మోదుగులు కనబడును. మరియు ఫిబ్రవరి నుండి మే వరకు ఈ అడవులకు నిప్పు భయము. ఎండుటాకులో పడిన ఒక్క బీడీ ముక్క కొండనంతటిని కాల్చగలదు. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టు క్రింద ఆకులు తగులబెట్టువారు ఆ మంట ఆరినదాక అక్కడనే ఉండవలెను. ఆకులను ఊడ్చివేయుట ఇంకను మేలు.

6. ఒక చిన్న పుస్తకము

జపానువారి పట్టికను గూర్చి పైన చెప్పితిమి. మన ఊరి మోదుగు ఏ తేదీన పూచినదో వ్రాసిన పుస్తకము మన సంఘములలో ఎక్కడైన నున్నదా? ముసలివారు, మా చిన్నతనములో ఇంత ముందు పూచెడిది కాదందురు. లేదా ఇన్ని పూలు ఇప్పుడు లేవందురు. అది నిజమో, జ్ఞాపకపు పొరపాటో తేల్చుటకు వ్రాత లేదు. దారులు వెడల్పు చేయుటలోను, గట్లు చదును చేయుటలోను చెట్లు పోవుచున్నవి. అవి ఎన్ని యుండెనో లెక్క లేకున్నచో పోయినవని చెప్పుటకును ఎవరికి నోరు రాదు. లెక్క లేనిదానిని గూర్చి ఎవరు వాదింతురు?

కాబట్టి ప్రతి సంఘములోను ఆదివారపు బడి పిల్లలు ఒక నోటు పుస్తకము ఆరంభించుట మంచిది. గుడికి గాని బడికి గాని దగ్గరనున్న మోదుగును ఒకదానిని గుర్తు చెట్టుగా పెట్టుకొనవలెను. మొదటి పువ్వు విచ్చిన తేదీ, సగము కొమ్మలు పూచిన తేదీ, పువ్వులు రాలి ఆకు వచ్చిన తేదీ, ఈ మూడింటిని వ్రాసి, ఊరి పేరు వ్రాసి, ప్రతి ఏడు అదే చోట నిలిచి ఒక ఫోటో తీయవలెను. దీనికి ఖర్చు లేదు. పది ఏండ్లలో అది ఆ ఊరికి ఆస్తి యగును. ఈనాడు వ్రాసిన పిల్లవాడు పెద్దవాడై తన బిడ్డకు దానిని చూపగలడు. ఫోనులో పడిన బొమ్మ ఫోనుతో పోవును. పుస్తకములో తేదీతో అంటించినది నిలుచును.

ఈ ఫాల్గుణమున మోదుగు పూచినప్పుడు, బండి ఆపి ఎవరైన మీ ఊరి చెట్టును చూచుచుండగా మీరును దగ్గరకు పోవుడి. రేకులు ఐదు అని చెప్పుడి. పక్షుల సంగతి చెప్పుడి. దాని తెలుగు పేరును, దాని పనులను చెప్పుడి. వచ్చినవాడు బొమ్మతోపాటు మరికొంత తీసికొనిపోవును. మన చెట్టును గూర్చి చెప్పుటకు మనము వేరొకరిని అడుగనక్కరలేకపోవును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఊరిలో మోదుగులు ఎన్ని? అవి ఎక్కడెక్కడ ఉన్నవి? పది ఏండ్ల క్రిందట ఎన్ని యుండెనో పెద్దలను అడిగి తెలిసికొనుడి.

2. చిక్కుడు పువ్వునకును మోదుగు పువ్వునకును పోలికలేవి, భేదములేవి? పిల్లలచేత రెండిటి బొమ్మలు వ్రాయించుడి.

3. మోదుగు పువ్వునకు వాసన లేకున్నను పక్షులు ఏల వచ్చును? ఉదయము అరగంట నిలిచి, వచ్చిన వాటి పేర్లు వ్రాయుడి.

4. మత్తయి 6:28–30 చదివి, పైపైని చూపునకును నేర్చుకొను చూపునకును భేదమేమో చెప్పుడి.

5. మీ సంఘములో గుర్తు చెట్టు పుస్తకమును ఎవరు వ్రాయుదురు? ఎవరు భద్రపరతురు? ఈ నెల కూటములోనే నిర్ణయించుకొనుడి.